‘క్వైట్’ అంటే చాలానా, కొంచెమా?

ఇంగ్లిష్‌లో ‘ద ఫిల్మ్ వాజ్ క్వైట్ (quite) గుడ్’ అంటే సినిమా చాలా బాగుందనా, ఫర్వాలేదనా అని అడిగారు. రెండూ కావచ్చు. అన్నది ఏ దేశం మనిషో చూడాలి.

గుడ్, కోల్డ్, బిగ్ లాంటి వాటిలో ఎక్కువ తక్కువలుంటాయి. వీటి ముందు క్వైట్ చేరిస్తే బ్రిటన్‌లో సాధారణంగా ‘బాగానే ఉందిలే’ అన్నట్టు. అక్కడ గొంతు కూడా వినాలి: క్వైట్‌ను ఒత్తి పలికితే మెప్పు ఇంకా తగ్గిపోతుంది. అమెరికాలో మాత్రం అది ‘చాలా బాగుంది’కే దగ్గర. అందుకే మీ రిపోర్ట్ ‘క్వైట్ గుడ్’ అని డల్లాస్ మేనేజర్ అంటే సంతోషించండి, లండన్ మేనేజర్ అంటే ఇంకోసారి సరిచూసుకోండి. ఈ తేడా తెలియక అనవసరంగా టెన్షన్ పడేవాళ్లున్నారు, పాపం.

ఇంపాసిబుల్, పర్ఫెక్ట్ లాంటి వాటికి సగం సగం ఉండదు కాబట్టి ‘క్వైట్ ఇంపాసిబుల్’ అంటే ఎక్కడైనా ‘పూర్తిగా అసాధ్యం’ అనే. ‘నాట్ క్వైట్ రెడీ’ అంటే దాదాపు అయింది, ఇంకాస్త మిగిలిందని.

‘క్వైట్ ఎ ఫ్యూ పీపుల్’ దగ్గర జాగ్రత్త. ఫ్యూ ఉంది కదా అని కొద్దిమంది అనుకోవద్దు, చాలామందే అని అర్థం.