పెరట్లో పది కోళ్లకు ఏ జాతి మంచిది? వేర్వేరు జాతులు కలిపి పెంచొచ్చా?

హనుమకొండ దగ్గరి పల్లెలో పెరడు ఉంది, గుడ్లు ఇంటికి సరిపోతే చాలు అన్నారు కాబట్టి నా మాట ఇది: ఆరు గ్రామప్రియ పెట్టలు, మూడు నాటు పెట్టలు, ఒకే ఒక్క పుంజు. గ్రామప్రియ, వనరాజా రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసినవే. గుడ్లకు గ్రామప్రియ, మాంసం కూడా కావాలంటే వనరాజా. కానీ గ్రామప్రియ పొదగదు. దాని గుడ్లను నాటు పెట్ట కింద పెడితే 21 రోజులకు పిల్లలు దిగుతాయి. కలిపి పెంచమనేది అందుకే.

పందెం జాతి అసిల్ పుంజులు మాత్రం రెండు తేవద్దు, రక్తాలు కారేదాకా కొట్టుకుంటాయి.

అసలు కష్టం మొదటి నెలే. గంప కింద బల్బు పెట్టి పిల్లల్ని చూడండి. బల్బు కిందే కుప్పగా ఒత్తుకుంటే చలి. దూరంగా జరిగి నోరు తెరిస్తే వేడి ఎక్కువైంది. హాయిగా చెదిరి తింటుంటే సరిపోయినట్టు.

ఆరేడు రోజుల వయసులో కొక్కెర రోగం రాకుండా లసోటా టీకా చుక్క కంట్లో వేయించండి, నాలుగో వారంలో మళ్లీ. ఇది మానేసి ఊళ్లకు ఊళ్లే కోళ్లు పోగొట్టుకుంటున్నాయి, నాకు చాలా బాధేస్తుంది.

పెద్దయ్యాక పగలు పురుగూ ఆకూ అవే ఏరుకుంటాయి, సాయంత్రం కోడికో గుప్పెడు నూకలు చాలు. మే నెల ఎండకు చెట్టు నీడలో మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి.