బూజు మొక్కజొన్న తిన్న గేదెకు విటమిన్ పౌడరు పెడితే చాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు జిల్లా దుగ్గిరాల దగ్గర పల్లె. మా ముర్రా గేదె ఎదకొస్తోంది గానీ సూది (కృత్రిమ గర్భధారణ) వేయిస్తే చూలు నిలవట్లేదు, మూడుసార్లు తిరగ పొర్లింది, అంటే మళ్లీ ఎదకొచ్చింది. మొక్కజొన్న కల్లంలో ఉండగా వాన పడి బూజు పట్టింది, ఎండబెట్టి మర పట్టించి దాణాలో కలుపుతున్నాం. బూజు విషం అండాన్ని పాడుచేస్తుందట, యాంటీఆక్సిడెంట్లు కాపాడతాయట, ఫోన్‌లో వీడియో చూశాను. మందుల షాపులో సెలీనియం, విటమిన్-ఇ పౌడరు ఇస్తామన్నారు. పెట్టమంటారా?

జవాబు: ముందు ఆ మొక్కజొన్న ఆపండి, పౌడరు సంగతి తర్వాత. ఎండబెట్టి దులిపితే పైన కనిపించే బూజు పోతుందేమో గానీ గింజలోకి దిగిన విషం పోదు, ఉడకబెట్టినా పెద్దగా తగ్గదు. మొక్కజొన్నకు పట్టే ఫ్యూజేరియం బూజు జియరలినోన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌లా నటిస్తుంది. పైగా పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు అందులో కొంత భాగాన్ని ఇంకా ఘాటైన రూపంలోకి మారుస్తాయి. అందుకే ఎద లెక్క తప్పడం, మానం వాయడం లాంటివి చూస్తుంటాం.

వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కబేళా నుంచి తెచ్చిన అండాశయాల్లోంచి అండాలు తీసి, ల్యాబ్ గిన్నెలో పెంచుతూ ఈ విషం కలిపితే కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి (కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ పదార్థాలు పేరుకోవడం) పెరిగి అండం సరిగా పక్వానికి రాదు. అదే గిన్నెలో మెలటోనిన్ లాంటి యాంటీఆక్సిడెంట్ వేస్తే నష్టం తగ్గుతుంది. (మనుషులు నిద్ర కోసం వేసుకునే మెలటోనినే, మీరు మాత్రం గేదెకు వేయకండి!) కాకపోతే గిన్నెలో మందు నేరుగా అండానికి తగులుతుంది, గేదెకు పెడితే పెద్దపొట్ట, కాలేయం దాటి వెళ్లాలి, అండాశయం దాకా ఎంత మిగులుతుందో ఆ వీడియో వాళ్లు చెప్పరు.

సెలీనియం ఒంటికి కావాల్సిందే, కణాలను కాపాడే ఒక ఎంజైమ్ దాంతోనే తయారవుతుంది. కానీ అవసరానికీ విషానికీ మధ్య తేడా చాలా తక్కువ. మీరు పెట్టే మినరల్ మిక్చర్‌లో ఇప్పటికే ఉందేమో డబ్బా మీద చదవండి, డాక్టరు చెప్పకుండా పైన ఇంకో పౌడరు కలపొద్దు. విటమిన్-ఇ కోసమైతే పచ్చిమేత వేయండి. ఎండు వరిగడ్డిలో అది ఉందీ లేనట్టే.

షాపువాళ్లు టాక్సిన్ బైండర్ (దాణాలోని విషాన్ని పొట్టలోనే పట్టి ఉంచే పొడి) కూడా అంటగడతారు. వాటిలో బంకమట్టితో చేసిన రకాలు వేరుశనగ చెక్క, పత్తి చెక్కల్లో వచ్చే అఫ్లటాక్సిన్ అనే మరో బూజు విషాన్ని బాగా పట్టుకుంటాయి, జియరలినోన్‌ను అంతగా పట్టవు. అఫ్లటాక్సిన్ అయితే పాలలోకీ దిగుతుంది, అందుకే చెక్క కొనేటప్పుడు విరిచి వాసన చూడండి.

అన్నీ బూజు మీదికే తోసేయకండి. మూడుసార్లు పొర్లిందంటే గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, సూది వేళ తప్పి ఉండొచ్చు, గేదెలు ఎక్కువగా రాత్రిపూట ఎదకొస్తాయి కాబట్టి మనకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. దగ్గర్లోని పశువైద్యశాలలోనో, విజయవాడ వైపు పని ఉంటే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలోనో పరీక్ష చేయించండి. దాణా కూడా పట్టుకెళ్లండి, అయితే పైపైన గుప్పెడు కాదు, బూజు బస్తా అంతా ఒకేలా ఉండదు, అయిదారు చోట్ల నుంచి తీసి కలిపి కాగితం సంచిలో తీసుకెళ్లండి.