క్యూఆర్ కోడ్ పంచే ముందు తమ్ముడి పే స్లిప్ చూడండి

ప్రశ్న: మా బాబాయి కొడుక్కి 24 ఏళ్లు. ఖమ్మంలో ఓ షోరూములో పని, జీతం 18 వేలు. హాడ్జికిన్ లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అని తేలింది. హైదరాబాద్‌లోని ఓ ప్రైవేటు ఆసుపత్రి ఎనిమిదిన్నర లక్షలకు అంచనా రాసిచ్చింది. బాబాయికి ఎకరన్నర పొలం, తెల్ల రేషన్ కార్డు ఉన్నాయి. స్నేహితులు, ఊరివాళ్లు, అమెరికాలో ఉన్న మావాళ్లు సాయం చేస్తామంటున్నారు. నా ఏడాది జీతం 11 లక్షలు. ఆరు లక్షల దాకా నా ఖాతాలో పోగుచేసి ఆసుపత్రికి కడదామనుకుంటున్నాను. సరేనా? – ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఖాతాలోకి మాత్రం వద్దు. ఎందుకో కింద లెక్కేసి చూపిస్తాను. అంతకన్నా ముందు అసలు ఎంత అడగాలో తేల్చుకోండి. ఆ ఎనిమిదిన్నర లక్షలూ జనాన్ని అడగాల్సిన మొత్తం కాకపోవచ్చు.

తమ్ముడి పే స్లిప్ తెప్పించండి. నెలకు 21 వేల లోపు జీతం, పదిమందికి తగ్గకుండా పనిచేసే దుకాణం అయితే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉండాలి. 18 వేలకు 0.75 శాతం, అంటే 135 రూపాయలు కోత కనిపిస్తే ఉన్నట్టే. కోత ఎప్పట్నుంచి పడుతోందో కూడా చూడండి, పెద్ద వైద్యానికి అర్హత దాన్నిబట్టే ఉంటుంది. సనత్‌నగర్‌లో ఈఎస్‌ఐ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. వైద్యంతో పాటు, పనికి వెళ్లలేని రోజులకు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. రెండేళ్లుగా కోత పడుతూ ఉంటే, క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బుల కింద 80 శాతం చొప్పున ఇంకా పొడిగిస్తారు. ‘ఎలాగూ వెళ్లలేడు కదా’ అని రాజీనామా చేయించే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ తప్పు చేయకండి.

ఈఎస్‌ఐ కుదరకపోతే ఆరోగ్యశ్రీ. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల పరిమితి ఉంది. ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడేది ఒక్కచోటే: కంగారులో నగదు కట్టి చేరిపోయి, ఆ తర్వాత ఆరోగ్యమిత్రను, అంటే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ చూసే ఉద్యోగిని వెతుక్కుంటారు. బయాప్సీ రిపోర్టు, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని చేరకముందే ఆ కౌంటర్‌కు వెళ్లండి. కార్డులో తమ్ముడి పేరుందా, ఆ ఆసుపత్రికి ఆరోగ్యశ్రీలో కీమోథెరపీకి కూడా అనుమతి ఉందా, పెట్ స్కాన్ (ఒంట్లో క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో చూపే పరీక్ష) ప్యాకేజీలో కలుస్తుందా అని అడగండి. అక్కడ కాకపోతే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఒరిజినల్ బిల్లులే కావాలి కాబట్టి ఏ కాగితం ఎవరి చేతికీ ఇచ్చేయకండి.

డాక్టరు ఏబీవీడీ అనే మందుల కలయిక రాస్తే, సాధారణంగా పూర్తి కోర్సు ఆరు సైకిళ్లు (చుట్లు), సైకిలుకు రెండు డోసులు. పక్షానికొకటి చొప్పున 12 డోసులు, దాదాపు ఆరు నెలలు. రెండు సైకిళ్ల తర్వాత పెట్ స్కాన్ చూసి ముందుకెలా వెళ్లాలో నిర్ణయిస్తారు. అంటే డబ్బంతా మొదటి వారమే అక్కర్లేదు. పథకాలు చూడని ఖర్చులు వేరే ఉంటాయి: ఇద్దరికి 12 సార్లు ఖమ్మం–హైదరాబాద్ రానుపోను, బస, మధ్యలో రక్తపరీక్షలు, ఆగిపోయిన జీతం. ఒక్కో విడత ప్రయాణం, బసకు నాలుగు వేలు అనుకున్నా 48 వేలు. మొదటి డోసుకు ముందే, రేపు పిల్లలు కలిగేందుకు వీర్యం భద్రపరచుకోవడం గురించి డాక్టరును అడగమనండి. పెళ్లికాని కుర్రాడి ముందు పెద్దవాళ్లు ఆ మాట ఎత్తరు గానీ, తర్వాత అడిగితే ఆలస్యమైపోతుంది. ఈ ఖర్చులన్నీ రాసి కూడితే వచ్చేదే మీరు అడగాల్సిన అంకె. పథకాలేవీ అందకపోతేనే దానికి ఆసుపత్రి బిల్లు కలపండి.

ఇక పన్ను. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50 వేలు దాటితే, దాటిన భాగమే కాదు, మొత్తమంతా ఆదాయం కిందికి వస్తుంది. మీరు అతనికి వరసకు అన్నయ్య, చట్టం దృష్టిలో మాత్రం బంధువు కారు. తోడబుట్టినవాళ్లు, తల్లిదండ్రులు, తల్లిదండ్రుల తోడబుట్టినవాళ్లు బంధువులే. కాబట్టి మీ వాటా మీ నాన్నగారికిచ్చి, ఆయన ఖాతా నుంచి వెళ్లేలా చూడండి. పెదనాన్న ఇచ్చినదానికి పన్ను లేదు.

కొత్త పన్ను విధానంలో మీ 11 లక్షలకు ఇప్పుడు పన్ను సున్నా. ఇంకో ఆరు లక్షలు మీ ఆదాయమని లెక్కిస్తే, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను 16.25 లక్షలు. సెస్సుతో కలిపి పన్ను 1.30 లక్షలు. ‘అది నా డబ్బు కాదు’ అని ఆధారాలతో వాదించవచ్చు, నెగ్గవచ్చు కూడా. కానీ ఆ తిప్పలు మీకెందుకు? అదే ఆరు లక్షలు తమ్ముడి పేర వస్తే, జీతం 2.16 లక్షలు కలిపినా 12 లక్షల లోపే కాబట్టి రిబేటుతో పన్ను పడదు. రిటర్ను మాత్రం తప్పక వేయించండి.

అతని పేర వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, చెల్లెలినో నాన్ననో జాయింటుగా పెట్టి, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా ఖాతా నడపవచ్చు) అని రాయించండి. పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతా అయితే ఏడాదికి లక్షకు మించి జమ కాదు. ముక్కూమొహం తెలియనివాళ్ల యూపీఐ జమల్లో ఒక్కటి మోసపు డబ్బయినా సైబర్ పోలీసుల ఫిర్యాదుతో ఖాతా స్తంభించే ప్రమాదముంది, అదీ డోసు రోజునే జరగొచ్చు. అందుకే జీతం ఖాతాతో కలపకండి. చికిత్స డబ్బు వారంవారం ఆసుపత్రికి రోగి నంబరు మీద జమచేసి రసీదు తీసుకోండి. పెద్ద మొత్తం ఇచ్చేవారైతే నేరుగా ఆసుపత్రికే కట్టమనండి.

అమెరికావాళ్లలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బును ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని ఊరి సంఘం ఖాతాలో మాత్రం వేయించకండి.

వాట్సాప్ మెసేజ్ పెట్టేముందు తమ్ముణ్ని అడగండి. అతను పసివాడు కాదు, రేపు ఉద్యోగం, పెళ్లి ఉన్నాయి. ఫొటో వద్దంటే వద్దు. ఆధార్, రిపోర్టులు గ్రూపుల్లో పెట్టకండి. అదే పోస్టరుకు తమ క్యూఆర్ అతికించి తిప్పే కేటుగాళ్లున్నారు. ‘చెల్లించేముందు స్క్రీన్ మీద ఈ పేరే వస్తోందా చూసుకోండి’ అని రాసి, ఎంత కావాలో, ఏ తేదీతో ఆపేస్తారో వేయండి. లేదంటే అతను కోలుకున్నాక కూడా ఆ మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. డబ్బు మిగిలితే రెండేళ్లపాటు ఫాలోఅప్ పరీక్షలకు వాడతామని, ఆ తర్వాత ఏం చేస్తారో కూడా ఆ మొదటి మెసేజ్‌లోనే ఉండాలి.