రోలర్ పూత పేటెంటు: కొత్త అంకెలు ఇప్పుడు చేర్చవచ్చా?

ప్రశ్న: తిరిగే రోలర్‌పై పాలీయురేతేన్‌ను ధారగా పోస్తూ పూత వేసే పద్ధతికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాను. క్లెయిముల్లో, అంటే రక్షణ కోరే అంశాల్లో, నిమిషానికి 60 చుట్లు అని మాత్రమే ఉంది. ఉదాహరణల్లో 100 మి.మీ. వ్యాసం ఉన్న రోలర్, 8 మి.మీ. వెడల్పు ధార, చుట్టుకు నాజిల్ 5 మి.మీ. జరగడం రాశాం. ‘ఇది పాత పద్ధతే’ అని ఎగ్జామినర్ రిపోర్టు ఇచ్చి నాలుగు నెలలైంది. ఈమధ్య 90 చుట్ల దగ్గర పూత ఇంకా బాగా వస్తోంది. నాలుగేళ్ల కష్టం పోకుండా ఆ అంకె చేర్చవచ్చా?

జవాబు: కుదరదు. మీ కష్టం ఎంతైనా, కేసు తేలేది మొదట దాఖలు చేసిన స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరాల పత్రం) మీదే. అందులో లేని విషయాన్ని సవరణ పేరుతో తేవడానికి పేటెంట్ల చట్టం 59వ సెక్షన్ ఒప్పుకోదు. 90 చుట్ల ప్రయోగాన్ని పాత తేదీతో రిజిస్టరులో ఎక్కించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. అది బయటపడితే మీ నిజమైన రికార్డును కూడా ఎవరూ నమ్మరు.

రోలర్ వ్యాసం చెప్పకుండా చుట్ల సంఖ్య ఒక్కటే క్లెయిములో పెట్టడం అజాగ్రత్తే. అవే 60 చుట్లకు 100 మి.మీ. రోలర్ ఉపరితలం నిమిషానికి సుమారు 19 మీటర్లు కదిలితే, 200 మి.మీ. రోలర్ 38 మీటర్లు కదులుతుంది. ఒకదానిపై నిలిచిన రెసిన్ ఇంకొకదానిపై చిమ్మిపోవచ్చు. 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో, లేత్‌పై పాత్రలు బిగించే పద్ధతిని వర్క్‌షాపు స్థాయి మెరుగుదలగానే చూసి సుప్రీంకోర్టు ఆ పేటెంటును నిలబెట్టలేదు. చుట్ల సంఖ్య ఒక్కటే చూపితే మీ ఎగ్జామినరూ అదే అంటారు.

కాబట్టి క్లెయిమును ఉదాహరణలోని కొలతలకు కుదించండి. 8 మి.మీ. ధార, 5 మి.మీ. జరుగుదల అంటే చుట్టు చుట్టుకూ 3 మి.మీ. ఒకదానిమీద ఒకటి పడుతుంది. దానివల్ల అతుకు గీత పోతోందని నిరూపించగలరా? ఒకే బ్యాచ్ రెసిన్, ఒకే ఉష్ణోగ్రతతో రెండు రోలర్లకు, ఒకటి ఎగ్జామినర్ చూపిన పద్ధతిలో, ఒకటి మీ పద్ధతిలో, పూత వేయండి. రెండు చివర్లా, మధ్యలో మందం కొలిచి, ఫొటోలతో అఫిడవిట్ ఇవ్వండి.

జవాబుకు గడువు రిపోర్టు జారీ అయిన తేదీ నుంచి 6 నెలలు. చాలకపోతే అది ముగిసేలోపే గడువు పెంపు కోరే ఫారం 4 వేస్తే మరో 3 నెలలు దొరుకుతాయి.

90 చుట్ల మెరుగుదలకు 54వ సెక్షన్ కింద అదనపు పేటెంటు (మూల ఆవిష్కరణకు చేసిన మెరుగుదలకు ఇచ్చేది) కోరండి. మూల ఆవిష్కరణతో పోల్చి ఆవిష్కరణ చొరవ (ఆ రంగం తెలిసినవారికి సులువుగా తట్టని ముందడుగు) లేదన్న ఒక్క కారణంతో దాన్ని నిరాకరించకూడదని 56వ సెక్షన్ చెబుతోంది. కొత్తదనం మాత్రం ఉండాలి, మూల పేటెంటు ముందు రావాలి. దరఖాస్తు పడేదాకా ఆ ప్రయోగం వీడియోలు ఎవరికీ చూపకండి.