సెస్నా 172లో హీటర్ వేశాక తలనొప్పి: గాల్లో ఏం చేయాలి?

సెస్నా 172 అనే చిన్న విమానంలో హీటర్ వేశాక తలనొప్పి, మత్తు వస్తున్నాయి, అది కార్బన్ మోనాక్సైడా లేక అలసటా అని ఎలా తేల్చుకోవాలని అడిగారు. గాల్లో ఉండగా తేల్చుకునే ప్రయత్నమే వద్దండి. అనుమానం రాగానే సీఓ (కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు) అనే అనుకోండి. అది మొదట మందగింపజేసేది మన ఆలోచననే. "ఇంకాసేపు చూద్దాం" అనిపించడం కూడా దాని ప్రభావమే కావచ్చు.

మిన్నెసోటా చలికాలంలో అద్దెకు తీసుకున్న 172లో నాకిది ఎదురైంది. వాసనేమీ లేదు. పక్కన కూర్చున్న ఫ్రెండ్ నుదురు నొక్కుకుంటున్నాడు, అంతలో సీఓని పసిగట్టే డిజిటల్ డిటెక్టర్ మోగింది. క్యాబిన్ హీట్ నాబ్ లోపలికి నెట్టేశాను. పైన రెక్క మొదట్లో ఉండే గాలి వెంట్లు రెండూ లాగి, కిటికీ తెరిచాను. చలికి వేళ్లు కొయ్యబారాయి, అయినా దిగేదాకా మూయలేదు. ఆక్సిజన్ ఉంటే అదీ పెట్టుకోవాలి, మా దగ్గర లేదు. రేడియోలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కి ఎమర్జెన్సీ అనీ, సీఓ అనుమానమనీ, దగ్గరి ఎయిర్‌పోర్టు కావాలనీ సూటిగా చెప్పాను. ఇందులో మొహమాటం అస్సలు వద్దు. మన మాట ముద్దగా వస్తోందా అని గమనించే మనిషి అవతల ఒకరుండాలి.

తర్వాత మెకానిక్ మఫ్లర్ (ఇంజిన్ పొగ బయటికెళ్లే దారిలోని డబ్బా) మీది రేకు తొడుగు విప్పి చూపించాడు. వెల్డింగ్ పక్కన వెంట్రుకంత పగులు, చుట్టూ బూడిద రంగు మరక. ఆ తొడుగులో వేడెక్కిన గాలే హీటర్ ద్వారా మనకొస్తుంది.

హీటర్ ఆపాం కదా అని నిశ్చింతగా ఉండకండి. 2017 డిసెంబర్ 31న సిడ్నీ దగ్గర బీవర్ సీప్లేన్ కూలి పైలట్, అయిదుగురు ప్రయాణికులు చనిపోయారు. ఎగ్జాస్ట్ (ఇంజిన్ పొగ గొట్టం) పగుళ్ల నుంచి వచ్చిన సీఓ, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్ అనే గోడ ప్యానెళ్లకు బోల్టులు లేక మిగిలిన రంధ్రాల గుండా క్యాబిన్‌లోకి చేరి ఉంటుందని దర్యాప్తులో తేలింది. ఆ విమానంలో రంగు మారే రకం డిటెక్టర్ కార్డే ఉంది. అలాంటి కార్డును మనమే చూసుకోవాలి, మత్తులో ఉన్నవాడు చూడడు. మోగే డిటెక్టరే కొనండి.

దిగాక తేలిగ్గా అనిపించినా ఆస్పత్రికి వెళ్లండి. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్‌ని నమ్మకండి, సీఓ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ని కూడా ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేసి 98 శాతం చూపించగలదు. కార్బాక్సీహిమోగ్లోబిన్ (సీఓ పట్టుకున్న హిమోగ్లోబిన్) రక్తపరీక్ష కావాలని పేరు చెప్పి అడగండి. మెకానిక్ చూసేదాకా ఆ విమానాన్ని ఎవరికీ ఇవ్వొద్దని ఓనర్‌కి అప్పటికప్పుడే ఫోన్ చేయండి.