ఆర్డర్ మాడ్యూల్ మిగతా మాడ్యూళ్లను నేరుగా పిలవాలా, ఈవెంట్ పంపాలా?

ఆర్డర్ సేవ్ అయ్యాక స్టాక్ తగ్గాలి, మెయిల్ వెళ్లాలి. ఆ రెండింటినీ ఆర్డర్ కోడ్ నుంచే పిలిస్తే, రేపు ఇన్‌వాయిస్ వచ్చి చేరినప్పుడు మళ్లీ ఆర్డర్ కోడ్‌లోనే చెయ్యి పెట్టాలి. అందుకే ఇక్కడ ఈవెంటే మేలు: ఆర్డర్ కోడ్ ఫలానాది జరిగిందని చెప్పి వదిలేస్తుంది, కావాల్సిన మాడ్యూళ్లు అది విని తమ పని చేసుకుంటాయి.

పేరు జరిగిపోయిన విషయంలా ఉండాలి: "ఆర్డర్ నమోదైంది". "మెయిల్ పంపు" అంటే అది ఈవెంట్ కాదు, ఆజ్ఞ. లోపల ఈవెంట్ ఐడీ, ఆర్డర్ ఐడీ, సమయం ఉంటే చాలావాటికి సరిపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఎప్పుడు పంపాలన్న దగ్గర. డేటాబేస్ ట్రాన్సాక్షన్ కమిట్ కాకముందే (రాసినవి ఖాయం కాకముందే) ఈవెంట్ వదిలితే, తర్వాత రోల్‌బ్యాక్ అయినా (రాసినవన్నీ రద్దయినా) మెయిల్ వెళ్లిపోయి ఉంటుంది. కమిట్ అయ్యాక వదులుదామంటే, ఆ సందులో ప్రాసెస్ పడిపోతే ఈవెంటే పోతుంది. దీనికి నమ్మదగిన దారి అవుట్‌బాక్స్ టేబుల్, అంటే పంపాల్సిన ఈవెంట్లను రాసిపెట్టే టేబుల్, అదే డేటాబేస్‌లో. ఆర్డర్‌నీ ఈవెంట్‌నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయండి. వెనక విడిగా నడిచే వర్కర్ ప్రోగ్రామ్ ఆ టేబుల్ చదివి, పంపి, పంపినట్టు గుర్తు పెడుతుంది. గుర్తు పెట్టేలోపు వర్కర్ ఆగిపోతే అదే ఈవెంట్ రెండోసారి వెళ్తుంది. కాబట్టి స్టాక్ మాడ్యూల్, స్టాక్ తగ్గించే ట్రాన్సాక్షన్‌లోనే ఆ ఈవెంట్ ఐడీని యూనిక్ కీతో (అదే ఐడీని రెండోసారి రాయనివ్వని కీ) రాసుకోవాలి. లేకపోతే ఒక్క ఆర్డర్‌కి స్టాక్ రెండుసార్లు తగ్గుతుంది.

ఒకే ప్రాసెస్‌లో నడిచే ఈవెంట్ బస్‌లు (ఈవెంట్లను హ్యాండ్లర్లకు, అంటే వాటిని అందుకుని పనిచేసే కోడ్‌కు, చేరవేసేవి) చాలావరకు సింక్రనస్: హ్యాండ్లర్ పని ముగిసేదాకా పంపిన కోడ్ ఆగుతుంది. మెయిల్ హ్యాండ్లర్‌లో వచ్చిన ఎక్సెప్షన్ ఆర్డర్‌నే ఆపేయొచ్చు, డాక్యుమెంటేషన్ చూసుకోండి.

"స్టాక్ ఉందా?" లాంటి, వెంటనే జవాబు కావాల్సిన వాటికి మాత్రం మామూలు ఫంక్షన్ కాలే వాడండి.