ఎనోషిమాలో మా శనివారం

"జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు శని, ఆదివారాల్లో స్నేహితులతో ఎక్కడికి వెళ్తే నిజంగా సేదతీరినట్టు ఉంటుంది?" అని అడిగారు. నేను టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటాను. ఐటీ ఉద్యోగాలకు వచ్చిన మన దేశం వాళ్లు ఎక్కువగా ఉండే పేట ఇది. వచ్చిన మొదటి ఏడాది మేం చేసిన ప్రయాణాలన్నీ పరుగులే. ఒక్క రోజులో ఐదు చోట్లు, ప్రతిచోటా ఫొటోలు, రాత్రి పదకొండింటికి ఇల్లు. మర్నాడంతా నిద్ర, సోమవారం మళ్లీ తలనొప్పి. అలా కాకుండా ఊరికే కూర్చుని వచ్చిన రోజు ఒకటుంది. డిసెంబరు మొదటి శనివారం, ఐదుగురం కలిసి ఎనోషిమా అనే చిన్న దీవికి వెళ్లాం. నా జవాబు ఆ రోజే.

ఆ వారం మాలో ముగ్గురికి ఆఫీసులో రిలీజ్ టెన్షన్. నిర్మల్ నుంచి వచ్చిన స్నేహితురాలి బాధ వేరు. తమ్ముడి పెళ్లికి సెలవు దొరక్క పెళ్లంతా ఫోన్లోనే చూసింది. సరిగ్గా తాళి కట్టే సమయానికి వీడియో ఆగిపోయిందట. అప్పటినుంచి మనిషి సరిగ్గా మాట్లాడట్లేదు. శుక్రవారం రాత్రి గుంటూరు మిత్రుడు గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "రేపు ఎక్కడికైనా పోదాం. తిరగడానికి కాదు, కూర్చోడానికి." సముద్రం కనిపిస్తే చాలు, లిస్టు రాయొద్దు అని అందరం ఒప్పుకున్నాం.

పొద్దున్నే ఐదున్నరకు లేచి నేను పులిహోర కలిపాను. జపాన్ బియ్యం జిగురుగా ఉంటుంది, పులిహోర కలిపితే ముద్దయిపోతుంది. మా పేటలో ఇండియన్ షాపులున్నాయి కాబట్టి సోనా మసూరికి లోటు లేదు. మిగతావాళ్లు గారెలు, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ తెచ్చారు. మాలో ఇద్దరు శాకాహారులు. ఇక్కడ చూడ్డానికి ఉత్త కూరగాయల సూపులా కనిపించే దాంట్లో కూడా చాలాసార్లు దాషి ఉంటుంది, అంటే ఎండు చేప తురుము వేసి తీసిన రసం. వాళ్లు తినగలిగే హోటల్ వెతికేసరికే సగం పూట అయిపోతుంది. అందుకే ఎవరు అడిగినా డబ్బా కట్టుకెళ్లమనే చెప్తాను.

తోజాయ్ లైన్లో ఒతెమాచి దాకా వెళ్లి, అక్కడినుంచి టోక్యో స్టేషన్‌కు నడిచి, యోకొసుకా లైన్ ఎక్కితే సుమారు గంటలో కామాకురా. ఒకప్పుడు షోగున్లు, అంటే సైనిక పాలకులు, ఏలిన ఊరు, అడుగడుగునా గుళ్లే. అన్నీ చూడాలంటే రెండు రోజులు కూడా చాలవు. మేం ఒక్క పెద్ద బుద్ధుణ్ణి మాత్రం చూశాం. పదమూడో శతాబ్దపు కంచు విగ్రహం, 11 మీటర్ల పైన ఎత్తు, 121 టన్నుల బరువు. చుట్టూ ఒకప్పుడు ఉన్న మండపం గాలివానలకు, సముద్రపు పోటుకు పోయింది. అప్పటినుంచి ఎండలో, వానలో ఆరుబయటే కూర్చుని ఉన్నాడు. పావుగంట ఆయన ఎదుట ఉండి మళ్లీ స్టేషన్‌కు వచ్చేశాం.

కామాకురా నుంచి ఫుజిసావా దాకా నడిచే ఎనోదెన్ అనే చిన్న రైలు గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. మొదలైంది 1902లో. మొత్తం కలిపితే పది కిలోమీటర్లు, 15 స్టేషన్లు, రానూ పోనూ ఒకటే పట్టాల దారి. ఎదురుగా వచ్చే రైలు కోసం అక్కడక్కడా ఆగుతుంది. ఇళ్ల పెరళ్ల మధ్యనుంచి వెళ్తుంటే కిటికీలోంచి ఆరేసిన దుప్పట్లు, గోడవారన సైకిళ్లు, నారింజ చెట్టుకు పండిన కాయలు చేయి చాపితే అందేంత దగ్గరగా కనిపిస్తాయి. ఒకచోట రోడ్డు మీదికే వచ్చి కార్లతో కలిసి పోతుంది. ఇనామురగసాకి దాటిన తర్వాత ఇళ్లు పక్కకు తొలగి ఎడమవైపంతా సముద్రమే. పెట్టెలో అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తారు. మా ఎదురుగా ఒక తాతగారు మనవణ్ణి సీటు మీద నిలబెట్టబోయి, ముందు వాడి బూట్లు విప్పి తన ఒళ్లో పెట్టుకున్నారు. వాడు అద్దానికి ముక్కు ఆనించి "ఉమీ, ఉమీ" అన్నాడు. ఉమి అంటే సముద్రం.

షిచిరిగహమా స్టేషన్లో దిగాం. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. అంత చలిలోనూ సర్ఫింగ్ చేసేవాళ్లు ఉన్నారు. సముద్రం వైపు దిగే సిమెంటు మెట్ల మీద దుప్పటి పరుచుకుని డబ్బాలు విప్పాం. వరంగల్ మిత్రుడు గారె తీసి నోటిదాకా తీసుకెళ్లాడు, అంతే. వెనకనుంచి ఏదో పెద్ద గుడ్డ విసిరినట్టు గాలి కొట్టింది. రెక్క అంచు వాడి చెంపను రాసుకుంటూ పోయింది. చేతిలో గారె లేదు, వేలికి చిన్న గీత కూడా పడలేదు. గద్ద! అప్పటికే పది అడుగుల పైన తిరుగుతూ, కాళ్లతో పట్టుకున్నదాన్ని గాల్లోనే తింటోంది. దాన్ని ఇక్కడ తొంబి అంటారు. ఈ తీరమంతా వాటిదే రాజ్యం, జాగ్రత్త అని బొమ్మలతో బోర్డులు కూడా పెట్టారు. మేం చూసుకోలేదు.

కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడ పరుగున వచ్చింది. ముందు మా వాడి వేళ్లు ఒక్కొక్కటే తిప్పి చూసి, దెబ్బ తగల్లేదని తేలాక తడి టిష్యూ ఇచ్చింది. అవి ఎప్పుడూ వెనకనుంచే వస్తాయట, గోడకు వీపు ఆనించి కూర్చుంటే రావట. మా జపనీస్ అంతంతమాత్రం కాబట్టి చేతులతో రెక్కలు ఆడించి చూపిస్తూ చెప్పింది. మా దుప్పటి కొసను తనే పట్టుకుని గోడవారకు జరిపించింది. పులిహోర పెడతామంటే మొహమాటపడి, చివరికి అరచేతిలో కొంచెం పెట్టించుకుంది. చింతపండు పులుపు తగలగానే కళ్లు మూసి తెరిచి, "ఓయిషీ" అంది. అంటే రుచిగా ఉందని. ఎన్నో హోటళ్లలో తిన్నాను కానీ, నాకు ఇక్కడ గుర్తుండిపోయిన భోజనం ఇదే.

మధ్యాహ్నం రైల్లో ఎనోషిమా స్టేషన్‌కు వెళ్లి, వంతెన మీదుగా నడిచి దీవిలోకి చేరాం. అక్కడి గుడి బెంజైతెన్‌ది. బెంజైతెన్ అంటే మన సరస్వతే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా ఇక్కడికి వచ్చి, జపాన్ దేవతల్లో కలిసిపోయింది. మన పురాణాల్లో సరస్వతి నది కూడా కదా, ఇక్కడా ఆవిడ గుళ్లు ఎక్కువగా నీళ్ల పక్కనే, దీవుల్లోనే ఉంటాయి. ఎనిమిది మూలల చిన్న మందిరంలో రెండు విగ్రహాలున్నాయి. ఒక అమ్మవారికి ఎనిమిది చేతులు, చేతుల్లో ఆయుధాలు. చూడగానే దుర్గమ్మేమో అనుకున్నాను. 1182లో మినమోతో నో యోరితోమో అనే సేనాని శత్రువుపై గెలుపు కోసం ఈ దీవిలో బెంజైతెన్‌ను ప్రతిష్ఠ చేయించాడని చెప్తారు, ఆ ఆయుధాల సంగతి అప్పుడు అర్థమైంది. రెండో అమ్మవారి ఒళ్లో బివా ఉంది, మన వీణకు బదులు.

నిర్మల్ అమ్మాయి ఆ రెండో విగ్రహం ముందే ఉండిపోయింది. తన అక్షరాభ్యాసం బాసరలో జరిగిందట. బయటికి రాగానే వాళ్లమ్మకు ఫోన్ చేసింది. మాకు మధ్యాహ్నం రెండు, అక్కడ పదిన్నర.

"అమ్మా, ఇక్కడ సరస్వతమ్మ గుడి ఉన్నది."

"జపాన్లనా? వీణ ఉన్నదా బిడ్డా?"

"ఉన్నదమ్మా. చిన్నగున్నది."

ఆ తర్వాత పెళ్లి ఫొటోల గురించి, కొత్త కోడలి గురించి అరగంట మాట్లాడింది. మేం నలుగురం మెట్ల పక్కన కూర్చుని టీ తాగుతూ ఆగాం. పైన లైట్‌హౌస్ ఉంది, దీవి వెనకవైపు గుహలున్నాయి. అవి చూడలేదు. చూడనందుకు ఈ రోజుకూ బాధ లేదు.

డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే సూర్యుడు దిగిపోతాడు. వంతెనకు పడమటి వైపున్న తీరంలో కూర్చున్నాం, ఈసారి గోడకు వీపు ఆనించే. చలికాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి సముద్రానికి అవతల ఫుజి కొండ స్పష్టంగా కనిపించింది. సూర్యుడు దిగిన తర్వాత ఆకాశం నారింజ రంగుకు తిరిగి, కొండ మాత్రం నల్లగా, కత్తిరించి అంటించినట్టు నిలబడింది. ఎవరం ఫోన్ తీయలేదు. కాసేపటికి నిర్మల్ అమ్మాయి, తమ్ముడి పెళ్లిలో పాడాలనుకున్న నలుగు పాట మెల్లగా అందుకుంది. వాళ్ల నానమ్మ నేర్పిందట. రెండు చరణాలు పాడి, మూడోది గుర్తు లేదని ఆపేసింది. గుంటూరు మిత్రుడు మొదటి చరణమే మళ్లీ పాడమన్నాడు. పాడింది.

మీరు వెళ్తే పొద్దున తొమ్మిదిలోపే ఎనోదెన్ ఎక్కండి. సెలవు రోజుల్లో మధ్యాహ్నానికి నిలబడ్డానికి కూడా చోటుండదు, జూన్‌లో హైడ్రాంజియా పూల కాలంలో మరీను. ఫుజి కనిపించాలంటే చలికాలమే నయం. కామాకురా కోకో మే స్టేషన్ దగ్గరి రైల్వే గేటు ఒక కార్టూన్ వల్ల పేరుపడి, ఫొటోల కోసం జనం రోడ్డు మీదే నిలబడుతున్నారు. దయచేసి మీరు అలా చేయకండి, అక్కడ చుట్టూ ఉన్నవి జనం కాపురాలు చేసుకునే ఇళ్లు. తీరంలో చెత్తబుట్టలు ఉండవనే అనుకుని ఒక సంచి అదనంగా పెట్టుకోండి. మా ఖాళీ డబ్బాలు, టీ కప్పులు ఫుజిసావా మీదుగా మాతోపాటే ఇంటికి వచ్చాయి.

నిర్మల్ అమ్మాయి వాళ్లమ్మ ఏప్రిల్‌లో టోక్యో వస్తున్నారు. ఏమేం చూస్తావమ్మా అని అడిగితే, ముందు ఆ చిన్న వీణ ఉన్న గుడి పేరు రాసుకోమన్నారట.